దక్షిణం గుమ్మం ఫోటో

మీ వీధిలో ఇటుకలతో పూడ్చేసిన గుమ్మాలు ఎన్ని ఉన్నాయో మీరెప్పుడైనా చూశారా? చూసే ఉంటారు. ఎందుకు పూడ్చారని మాత్రం ఎవరినీ అడిగి ఉండరు. నేనూ చాలాకాలం అడగలేదు. ఫోటోలు తీసుకుంటూ పోయాను.

రాజమండ్రిలో గోదావరి స్టేషను చుట్టుపక్కల వీధుల్ని కొన్నేళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను. బడిలో సైన్సు పాఠాలు చెప్పడం మానేశాక ఇంట్లో కుదురుగా కూర్చోవడం నాకు చేతకాలేదు. పట్టాల వెంట పాత గోదాములు, పెచ్చులూడిన రైల్వే క్వార్టర్లు, రైళ్ళు తిరగని పాత ఇనుప వంతెన, చెక్క వరండాల మేడలు. ఒక మేడను తీసి ఇంటికొస్తే దాని పక్క మేడ గుర్తొచ్చేది. రేపటికి ఉంటుందో లేదోనని ఎండ ఎక్కినా మళ్ళీ బయలుదేరేవాణ్ణి.

కూల్చేస్తారన్న భయంతో గోడలనే చూశాను. ఫోటోలను కంప్యూటరులో పెద్దవి చేసుకున్నాకే గుమ్మాలు కనబడ్డాయి. పాత సున్నం గోడ మధ్యలో కొత్త సిమెంటు, దాని ముందు ఎక్కడికీ వెళ్ళని మెట్లు. అంతా వాస్తు. సంఘసంస్కరణకు పుట్టిల్లని చెప్పుకునే ఊరు మాది.

పట్టాల పక్క వీధిలో ఒక పెంకుల మేడ ఉంది. టేకు తలుపులు, దక్షిణం గుమ్మం. ముందుగదిని అద్దెకు తీసుకుని ఒకావిడ జాకెట్లు కుడతారు. ఆ గదికి కిటికీ లేదు, అందుకని కుట్టుమిషను గుమ్మానికి ఆనించి వేసుకున్నారు. ఒకరోజు పొద్దుటి ఎండలో ఆ తలుపుల్ని, మిషను మీదికి వంగిన ఆవిడ తలను కలిపి తీశాను. బాగా వచ్చింది. ఫ్రేము కట్టించి ఇంటాయనకు ఇచ్చాను. పాపం, మంచి మనిషి, గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. "మా ఇల్లింత బాగుంటుందా మాస్టారూ" అని మేడమీద హాల్లో తగిలించుకున్నారు.

నెల తిరక్కుండా ఆ మెట్ల పక్కన ఇటుకలు దిగాయి.

"ఏంటండీ ఇవి?" అన్నాను ఇంటాయనతో.

"గుమ్మం మూసేస్తున్నామండి. మీ ఫోటోయే పనికొచ్చింది. సిద్ధాంతిగారికి వాట్సాప్‌లో పెడితే ఆయన రాకుండానే చెప్పేశారు."

ఫోను చూపించారు. నేను తీసిన తలుపుల చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి ఉంది. కుట్టే ఆవిడ తల సగం అందులోనే పడింది.

"కోడలికి రెండుసార్లు నిలవలేదండి. మీకు తెలియనిదేముంది" అన్నారాయన గొంతు తగ్గించి.

చిన్నప్పుడు మా నాన్న నన్ను వాదోపవాదాల సభలకు తీసుకెళ్ళేవారు. ఎదుటివాడి నోట జవాబు రాకపోతే గెలిచినట్టేనని అక్కడ నేర్చుకున్నాను. మర్నాడు ఆ వీధి ఫోటోలన్నీ పట్టుకెళ్ళి వాళ్ళ హాల్లో టీపాయ్ మీద పరిచాను. చాలా గుమ్మాల్లో పిల్లలు నిలబడి ఉన్నారు.

"ఈ వరసలో అన్నీ దక్షిణం గుమ్మాలేనండి. ఈ ఇళ్ళల్లో పిల్లలు పుట్టలేదా? గర్భం నిలవకపోతే చూపించాల్సింది డాక్టరుకి గానీ తాపీమేస్త్రీకి కాదు."

తల ఎత్తేసరికి కోడలు కాఫీ గ్లాసులతో నిలబడి ఉంది. గ్లాసులు పెట్టడానికి టీపాయ్ మీద చోటు లేదు. ఫోటోల్లో పిల్లల్ని చూసింది. గ్లాసులు కిటికీ అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటాయన ఫోటోలన్నీ ఒక కట్టగా సర్ది నా చేతికిచ్చారు. "మీరన్నది నిజమే అయ్యుండొచ్చండి. సోమవారం మేస్త్రీని రమ్మంటున్నాను."

కిందికి దిగితే ముందుగదిలో మిషను ఆగింది. అంతా విన్నట్టే ఉంది.

"గెలిచారా మాస్టారూ?"

"ఆయన దగ్గర జవాబు లేదమ్మా."

"శ్రావణం దాకా ఆగుదామనుకున్నారండి. మీరొచ్చి సోమవారానికి తెచ్చారు." దారం పళ్ళతో తెంపారు. "నాకు పెరటి దారి ఇస్తారంట. వాళ్ళ బాత్రూం పక్కనించి రావాలి. అటు ఆడవాళ్ళెవరొస్తారండి జాకెట్టు కొలతలివ్వడానికి? ఈ గుమ్మం మూస్తే గదిలో సూదిబెజ్జమైనా కనబడదు."

పేపరుకు రాస్తానన్నాను. ఫోటో కూడా వేయిస్తానన్నాను.

"ఫోటో వద్దులెండి. ఒకటి తీసినందుకే ఇంతయ్యింది. మీ ఆవిడగారి దగ్గర జాకెట్టు గుడ్డుంటే సోమవారం పొద్దున్న ఇచ్చి పంపండి, చాలు."

సోమవారం కెమెరా లేకుండా వెళ్ళాను. మెట్ల మీద, గుమ్మంలో, గదిలో ఆడవాళ్ళు, ఒళ్ళో గుడ్డలు. అందరికీ ఆవిడ అదే రోజు రమ్మని చెప్పారట. వాళ్ళలో మా ఆవిడ కూడా ఉంది. మేస్త్రీ సిమెంటు కలిపి పెట్టుకుని నిలబడ్డాడు. ఇంటాయన వచ్చి "అమ్మా, కాస్త..." అన్నారు. గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్ళను లేవమనడం ఆయనకు చేతకాలేదు. "కూర్చోండి, కూర్చోండి" అని పక్కకు జరిగారు.

కాసేపటికి కోడలు వీధి వైపునుంచి నడిచొచ్చింది. చేతిలో ఆకుపచ్చ గుడ్డ ఉంది.

"నేనూ ఒకటి కుట్టించుకుంటాను మావయ్యగారూ. నన్నడిగితే ముందే చెప్పేదాన్ని, ఈ తలుపు మూస్తే నాకూ ఊపిరాడదండి" అని మెట్లెక్కింది. భోజనాల వేళకు మేస్త్రీ బిగుసుకుపోతున్న సిమెంటును గమేళాలోంచి గీకి పారబోసి వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోయిందని చెప్పలేను. ఇటుకలు అక్కడే ఉన్నాయి. సిద్ధాంతి మళ్ళీ ఫోను చేశాడట. ఇంటాయన ఇవాళ ఒకమాట, రేపొకమాట అంటున్నారు. గుమ్మం ఖాళీగా ఉన్న రోజున ఏం జరుగుతుందోనని పొద్దున్నే కాఫీ తాగకుండా ఒకసారి అటు వెళ్ళొస్తున్నాను. నా వాదనలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. దాన్ని తీసుకెళ్ళి ఆ కోడలిపిల్ల ముందు పరచడం తప్పు.

మీ ఊళ్ళో ఏదైనా గుమ్మం పక్కన ఇటుకలు దిగితే, నాలా ఫోటో తీసుకుని ఇంటికి వెళ్ళిపోకండి. ఎవరి కోసం మూస్తున్నామంటున్నారో ఆ మనిషిని ముందు అడగండి. ఆ గుమ్మంలో బతుకుతున్నవాళ్ళకు ఏదో ఒక పని ఇవ్వండి, పని అయ్యేదాకా అక్కడే కూర్చోండి. మర్నాడు మీరు వెళ్ళలేకపోతే ఇంకొకరిని పంపండి.