మారే చిరునామాకు ఒక మారని పేరు

ఎన్నికల ముందు మా వీధిలో రెండు పార్టీల వాళ్ళు రాళ్ళు రువ్వుకున్నాక వసారాలో కెమెరా పెట్టించాను. ఎన్నికలయ్యాక నా భార్య కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోయింది. అప్పటినుంచి ఆ కెమెరా ఆమె కోసమే. ఆమెకు మాట్లాడే తీరిక శుక్రవారమే దొరికేది. మిగతా రోజులు నేను వసారాలో కూర్చుని అన్నం తింటుంటే ఫోన్లో చూసుకునేది.

ప్రొద్దుటూరులో కరెంటు పోయి వస్తే మా ఇంటర్నెట్ చిరునామా, అంటే ఆ అంకెల వరస, మారిపోయేది. బట్టల అంగళ్ళకు లెక్కలు రాసే నాకు అంకెలతో ఇబ్బంది లేదు. వాటిని యాప్‌లో మార్చుకోవడం ఆమెకు రాదు. అంకెలు మారినా మారని పేరొకటి ఇచ్చి, ఆ పేరుతో వచ్చినవాళ్ళకు దారి చూపే సర్వీసులున్నాయని చదివాను. డైనమిక్ డీఎన్ఎస్ అంటారు.

ఇది మా ఇంట్లో పాత సంగతే. ఫ్యాక్షన్ రోజుల్లో మా నాయన ఒకచోట రెండు రాత్రులు పండుకునేవాడు కాదు. చోటు మారినప్పుడల్లా జమ్మలమడుగు బస్టాండు దగ్గరి టీ అంగడికి కబురు పంపేవాడు. అమ్మ అన్నం క్యారియర్‌తో అక్కడికే పోయేది.

"వదినా, అన్న చిలమకూరులో ఉండాడు. క్యారియర్ ఈడ పెట్టిపో, లారీలో పంపిస్తా" అనేవాడు అంగడాయన.

ఒకసారి బందు రోజు అంగడి మూసేశారు. అమ్మ ఆ తలుపు ముందు సాయంత్రం దాకా కూర్చుని, క్యారియర్‌తోనే తిరిగొచ్చింది.

ఇంత తెలిసీ, మొదట ఊరికే ఇచ్చే సర్వీసు తీసుకున్నాను. నెలకోసారి వాళ్ళ మెయిల్ తెరిచి 'ఇంకా కావాలి' అని నొక్కాలి. మార్చి నెల లెక్కల్లో పడి మరిచాను. పేరు తీసేశారు.

శుక్రవారం ఆమె ఫోన్ చేసింది. "ఏమయా, వసారా కనపడల్యా. నీకేమన్నా అయిందేమోనని శానా భయపడితి."

సంగతి చెప్పాను.

"మీయమ్మ మాదిరి నన్ను గూడా మూసిన అంగడి ముందర కూర్చోబెడ్తివి గదా!"

ఈసారి ధర తర్వాత చూశాను. నేను మరిచినా పేరు నిలవాలి. చిరునామా మారగానే రూటరే సర్వీసుకు కబురు పంపాలి. ఏడాదికోసారి డబ్బు కట్టే సర్వీసొకటి మా రూటరులో కూడా పనిచేస్తుందని చూసుకుని కట్టాను. రూటరు ఆపి మళ్ళీ వేశాను. అంకెలు మారాయి. లెక్కలు రాసే అంగడికి పోయి, అక్కడినుంచి నా ఫోన్లో ఆ పేరు కొట్టాను. ఖాళీ వసారా కనపడింది.

ఆ వారమంతా కెమెరా ఎదుటే తిన్నాను. అవతల ఆమె ఉందో లేదో తెలిసే దారి లేదు. కెమెరా మీది ఎర్ర దీపం వెలుగుతూనే ఉండేది.

శుక్రవారం ఫోన్ మోగింది.

"బేస్తవారం పెరుగు పోసుకోకుండా లేచినావేం?"

"పిల్లి తాగింది."

"అబద్ధం. పిల్లి రాల్యా. నేను చూస్తానే ఉండా."