దేవిదాస్ చెవి

పసుపు కొమ్ము ఎండిందో లేదో చూసి చెప్పేవాళ్లు ఆర్మూర్ మార్కెట్లో వందమంది ఉంటారు. వాళ్లలో సగంమంది తప్పే చెబుతారు. దేవిదాస్ చూసేవాడు కాదు. కుప్పలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి ఒక కొమ్ము లాగి, చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున విరిచేవాడు. బాగా ఎండిన కొమ్ము విరిగితే ఇత్తడి చెంబును గోటితో మీటినట్టు ఖంగుమంటుంది. లోపల తడి ఉంటే మొద్దుగా పలుకుతుంది. అది విని "ఇంక రెండెండలు గావాలె" అన్నాడంటే రైతు మళ్లీ పరదా పరిచి పసుపు ఆరబోసుకోవలసిందే. దొంకేశ్వర్ రైతు చిన్నన్న అయితే, "నా పసుపు కడుపుల ఏమున్నదో నాకు తెల్వది, గీయిన చెవుకెట్ల తెలుస్తదో" అని గొణుక్కుంటూనే ఆరబోసేవాడు.

పసుపు కొని అమ్మే అడ్తి దుకాణం నడిపే రాజేశ్వర్ సేటు ఆ చెవిని నమ్మే సరుకు కొనేవాడు. నేతపని ఇంట్లో పుట్టి, మగ్గం మూలన పడ్డాక మార్కెట్లో చేరిన మనిషికి ఆ చెవి ఒక్కటే ఆస్తి. అది చూసుకుని దేవిదాస్‌కు కాస్త గీర కూడా ఉండేది. ఉండనిద్దాం, పాపం. తర్వాత ఆ గీరా మిగల్లేదు, ఇంకేమీ మిగల్లేదు.

ఆయన భార్య గంగాబాయి ఆలూర్ పిల్ల. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే తునికాకు మీద ఆమె కత్తెర ఎప్పుడు తిరిగిందో, బీడీ ఎప్పుడు చుట్టిందో చూసేవాళ్లకు అందేది కాదు. పదేళ్లప్పుడు ఆమెకు గొంతునొప్పి వచ్చింది. తగ్గిందనుకున్న మూడు వారాలకు జ్వరం, ఒక రోజు మోకాళ్లు, ఇంకో రోజు మోచేతులు వాపు. ఇంట్లోవాళ్లు ఆముదం రాసి వావిలాకు కాపడం పెట్టారు. నెల తిరిగేసరికి పిల్ల లేచి తొక్కుడుబిళ్ల ఆడుకుంది. ఆ జ్వరం పోతూ పోతూ గుండెలో చెయ్యి పెట్టి పోయిందని ఎవరికి తెలుసు?

పెళ్లైన మూడో ఏట, 1982లో, ఆరు నెలల కడుపుతో నీళ్ల బిందె ఎత్తుకుని గడప ఎక్కలేక అక్కడే కూలబడింది. పడుకుంటే ఊపిరి ఆడదు. దగ్గితే నురుగులో నెత్తురు జీర. ఆ కడుపు నిలవలేదు. నిజామాబాద్ డాక్టరు ఆమె ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, పట్నంలోని పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చాడు.

అక్కడ గుండెలు కోసే పెద్ద డాక్టరు ఓపికమంతుడు. ఎక్స్‌రే కవరు వెనక బొమ్మ గీసి మరీ చెప్పాడు. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ నడుమ ఒక తలుపు ఉంటుంది. దానికి రెండు పలుచని రెక్కలు, ముందుది వెడల్పు, వెనకది పొట్టి. రెక్కల అంచులనుంచి సన్నని దారాలు దిగి, కింది గది గోడమీద వేళ్లలా లేచిన కండలకు ముడిపడి ఉంటాయి. గుండె ముడుచుకున్నప్పుడు రెక్కలు వెనక్కి తిరగబడకుండా ఆ దారాలే పట్టి ఆపుతాయి. చిన్ననాటి కీళ్ల జ్వరం ఈమె రెక్కలను మందం చేసింది, అంచులను అతికించింది, దారాలను కుదించేసింది. రెండు వేళ్లు పట్టవలసిన దారిలో ఇప్పుడు పెన్సిలు కూడా పట్టడం లేదు. ముందుకు పోలేని రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి తన్నుతోంది.

దేవిదాస్‌కు మొత్తం అర్థమైంది. గంజి ఎక్కువైన పోగులు ఎండి అతుక్కుపోతే తండ్రి మగ్గం ముందు కూర్చుని వేలితోనే విడదీసేవాడు.

"మరి ఏలు వెట్టి ఇడదీస్తె అయితదా సారూ?" అని అడిగాడు.

డాక్టరు కలం ఆపి ఆయన ముఖంలోకి చూశాడు. "అదే చేయబోతున్నామయ్యా" అన్నాడు.

ఎడమ రొమ్ము కింద కోసి, కొట్టుకుంటున్న గుండెలోకే వేలు పోనిచ్చి, ఆ రెక్కలను విడదీశారు. గంగాబాయి బతికింది. పిల్లలు వద్దన్నారు, సరేననుకున్నారు. ఎనిమిదేళ్లు బిందెలు మోసింది, బీడీలు చుట్టింది, మొగుడి గీరను వాడంతా నవ్వేలా ఎగతాళి చేసింది. ఆ ఎనిమిదేళ్లే వాళ్ల కాపురం అనుకోవాలి.

1991లో మళ్లీ ఆయాసం. ఈసారి రెక్కలకు సున్నం పట్టింది, వేలికి లొంగేలా లేవు. తీసేసి లోహపు కవాటం పెట్టాలన్నాడు అదే డాక్టరు. సొరుగులోంచి నమూనా ఒకటి తీసి చూపించాడు. ఉంగరం లాంటి చట్రం, దానిలో బిళ్ల. ఒకవైపు వంగితే దారి ఇస్తుంది, వెనక్కి వాలితే మూసేస్తుంది. దేవిదాస్ దాన్ని కళ్లతో చూసి ఊరుకుంటాడా? చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. టిక్కుమంది.

"మంచిగెండింది సారూ" అన్నాడు. డాక్టరు పకపకా నవ్వాడు.

తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. "దీనికి శత్రువు ఒక్కటే. దీని మీద రక్తం గడ్డకట్టిందంటే బిళ్ల ఇరుక్కుపోతుంది. అందుకే రక్తాన్ని పలుచన చేసే మాత్ర రోజూ వేసుకోవాలి. బతికున్నన్నాళ్లూ. నెలకోసారి రక్తపరీక్ష." ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం మీద ఇంకా పది ముక్కలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, దేవుడి పటం వెనక భద్రంగా దాచారు. ఎంత భద్రమంటే మళ్లీ ఎవరూ తీయలేదు.

ఇంట్లో కొత్త శబ్దం మొదలైంది. గంగాబాయి నోరు తెరిస్తే లోపలనుంచి టిక్ టిక్ మని వినిపించేది. పక్కింటి నర్సవ్వ, "ఏందే గంగా, గడియారం మింగినవా?" అంటే, "మింగిన గని అక్కా, కీ ఇచ్చే పని లేదు" అని ఆవలించి మరీ వినిపించేది. దేవిదాస్‌కు తెల్లారి చాయ్ తాగే వేళ ఆమె వీపుకు ఆనుకుని కూర్చోవడం అలవాటైంది. ఆ టిక్కు వినేవాడు. అంత ఎండిన, అంత ఖంగుమనే శబ్దం మార్కెట్లో ఏ కుప్పలోనూ దొరకలేదని ఆయన నమ్మకం. భార్యను ప్రేమిస్తున్నానని చెప్పే మాటలు ఆయన దగ్గర లేవు. ఆ ఆనుకుని కూర్చోవడమే ఆ మాట.

1993 ఎండాకాలంలో రెండు తప్పులు మొదలయ్యాయి. ఒకటి ఆమెది, ఒకటి ఆయనది.

ఆమెది ముందు చెప్పుకుందాం. ఆమె దాచింది గానీ మనం దాచడమెందుకు. ఆకు కత్తిరించేటప్పుడు కత్తెర వేలికి తగలడం బీడీలు చుట్టేవాళ్లకు మామూలే. పసుపు అద్ది, పేలిక చుట్టి, పని సాగిస్తారు. గంగాబాయికి ఇప్పుడు చిన్న గీత పడ్డా నెత్తురు గంటసేపు ఆగదు. పేలిక తడిసి, ఆకు మీద మరక, కట్ట మీద మరక. కార్ఖానాలో బీడీలు ఏరే మనిషి గంగాకిషన్ మరకలున్న కట్టలు పక్కకు విసిరేశాడు. "ఇంకోసారి గిట్లయితె నీ పేరు కొట్టేస్త అక్కా, జర సూసుకో" అన్నాడు. కోపంతో కాదు, మర్యాదగానే అన్నాడు. కార్ఖానా రిజిస్టరులోని ఆ పేరు ఒక్కటే ఆమె సొంతంగా సంపాదించుకున్నది. ఒక రోజు మాత్ర మరిచిపోతే, ఆ మర్నాడూ వేసుకోకపోతే, నెత్తురు తొందరగా ఆగడం ఆమె గమనించింది. ఇంకేముంది, రోజూ వేసుకోవలసిన మాత్ర ఆదివారానికి ఒక్కటైంది. ఆదివారం బీడీలు చుట్టరు కదా. మిగిలినవి తంబాకు డబ్బా అడుగున చేరాయి. నెలనెలా రక్తపరీక్షకు నిజామాబాద్ పోవాలని దేవిదాస్ అంటే, "సీజన్ అయిపోనీ, గిప్పుడేం తొందర" అంది. సీజన్లో ఆయనకూ తీరిక లేదు. సరేనన్నాడు.

ఇక ఆయనది. మార్చినుంచి మే దాకా పసుపుకు మెరుగు పెట్టే ఇనుప డ్రమ్ములు పొద్దంతా తిరుగుతాయి. పక్కన నిలబడితే ఎదుటి మనిషి నోరు కదలడమే తప్ప మాట వినపడదు. ఆ ఏడు సీజన్ ముగిశాక కూడా దేవిదాస్ చెవుల్లో ఈగ తిరుగుతున్నట్టు రొద ఆగలేదు. ఒకసారి సేటు, "ఏం దేవిదాసూ, రెండుసార్లు జెప్పాల్నా?" అన్నాడు. మామూలుగా అన్న మాటే. దేవిదాస్ మాత్రం గేటు వైపు చూశాడు. ఆయనకు ముందు ఆ పని చేసిన ఎంకటి చెవులు పోయాక మార్కెట్ గేటు దగ్గర కూర్చుని చిరిగిన బస్తాలు కుడుతున్నాడు. దేవిదాస్ రోజూ అతని ముందునుంచే లోపలికి పోవాలి.

జూలైలో ముసురు పట్టింది. ఒక తెల్లారి చాయ్ గ్లాసు పట్టుకుని భార్య వీపుకు ఆనుకున్న దేవిదాస్‌కు టిక్కు మొద్దుగా వినిపించింది. పెంకుల మీద వాన కదా అనుకున్నాడు. మర్నాడు వాన తెరిపిచ్చింది. శబ్దం ఇంకా మెత్తబడింది. తడి పసుపు విరిగినట్టే ఉంది.

తన చెవి పోతోందనుకున్నాడు.

ఆ వారమే సేటు గోదాములోంచి పాత సరుకు తీసి విరవమన్నాడు. అది బాగా ఎండిన పసుపని దేవిదాస్‌కు తెలుసు. ఏప్రిల్లో తనే విరిచి, ఖంగుమంటే బస్తాలకెత్తించాడు. ఇప్పుడు అదీ మొద్దుగానే పలికింది. ఇంకేం అనుమానం? అక్కడా మొద్దు, ఇక్కడా మొద్దు అంటే తప్పు తనలోనే ఉంది. సేటు ముఖం చూడకుండా, "మంచిగున్నది సేటూ, ఖంగుమంటున్నది" అన్నాడు. బతుకులో ఆయన చెప్పిన మొదటి దొంగ తీర్పు అది.

ఇంట్లోనూ నోరు విప్పలేదు. చెబితే గంగాబాయి బెంగపడుతుందనుకున్నాడు. తొమ్మిది రోజులు ఇద్దరూ వీపుకు వీపు ఆనించి, చెరొకటి దాచుకుని చాయ్ తాగారు. ఆ తొమ్మిది రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఒక్క మాట ఎవరి నోటినుంచి జారినా కథ ఇంకోలా ఉండేది.

పదో రోజు ఆమె చాట ముందు కూర్చుని లేవలేకపోయింది. పెదాలు నల్లబడ్డాయి. జీపు మాట్లాడి నిజామాబాద్, అక్కడినుంచి అంబులెన్సులో పట్నం. దారి పొడుగునా దేవిదాస్ ఆమె ఛాతీకి చెవి ఆనించే ఉన్నాడు. ఏమీ వినపడలేదు. తన చెవి పూర్తిగా పోయిందనే ఇంకా అనుకుంటున్నాడు, పిచ్చివాడు.

దవాఖానలో కుర్ర డాక్టరు గొట్టం పెట్టి విని, ఒక్కసారిగా తల ఎత్తాడు. "కవాటం శబ్దమే లేదు. గడ్డకట్టి బిళ్ల ఇరుక్కుంది. ఎన్నాళ్లనుంచి మొద్దుబారింది? శబ్దం మారితే ఆ రోజే రావాలని కాగితం మీద రాసి ఉంటుంది కదా, చూసుకోలేదా?"

దేవిదాస్ తన చెవిని తడుముకున్నాడు. శబ్దం మారిందా? నిజంగానే మారిందా?

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు గంగాబాయి ఆయన చెయ్యి పట్టుకుంది. ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి తీసుకుంటూ చెప్పింది.

"మాత్రలు ఏసుకోలే. ఆకుల మీద నెత్తురు వడ్తుండె. పేరు కొట్టేస్తరని..."

"నాకు జెప్పకపోతివి గదనే!"

"తిడ్తవనుకున్న. అయినా... నువ్వు రోజు ఇంటున్నవు గద. జర తేడా వస్తె నువ్వే వట్టుకుంటవని ధీమ."

ఆమె బల్ల మీదే పోయింది. పెద్ద డాక్టరు బయటికి వచ్చి దేవిదాస్ భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

పదకొండో రోజు అయ్యాక దేవిదాస్ మార్కెట్‌కు పోయాడు. ఇంట్లో కూర్చుంటే తంబాకు డబ్బా కనపడుతోంది. గేటు దగ్గర ఎంకటి సూది ఆపి లేచి నిలబడ్డాడు. లోపల సేటు గోదాము ముందు బస్తాలు విప్పించి, తల పట్టుకుని కూర్చున్నాడు. పసుపంతా బూజు పట్టింది. చావింటి మనిషని కాసేపు ఓర్చుకున్నాడు గానీ, ఉండబట్టలేక అననే అన్నాడు.

"కప్పు కారుతున్నదని మొన్న ఎర్కయింది దేవిదాసూ. జూలైలనే అంత తడిసిపోయింది. గప్పుడు నువ్వు ఇరిసి సూస్తివి గద. తడి సప్పుడు ఇనవడలేదా నీకు?"

దేవిదాస్ ఆ కుప్ప ముందు కూలబడ్డాడు. అడుగునుంచి ఒక కొమ్ము లాగి చెవి దగ్గర విరిచాడు. తడిగా, మెత్తగా, సరిగ్గా తెల్లవారుజామున ఆ వీపులోంచి విన్నట్టే పలికింది. ఆ చెవికి ఏ లోపమూ లేదు.

"ఇనవడ్డది సేటూ" అన్నాడు. "తొమ్మిది దినాలు ఇనవడ్డది."