సున్నం వేసిన మకాం

కిందటి ఏడాది అమలాపురంలో పెళ్ళికి వెళ్తూ, కొత్తపేట దాటాక బస్సు కిటికీలోంచి ఒక మకాం చూశాను. మకాం అంటే ఇటువైపు పొలంలో పశువులకీ ధాన్యానికీ కట్టుకునే కొట్టం. నాచు పట్టిన గోడలు, వానచారలు, పక్కకి జారిన నాటుపెంకులు. పాత కట్టడాలంటే నాకు పిచ్చి. ఎలాగో నంబరు సంపాదించి, మకాం వాళ్ళ ఇల్లాలు సత్యవతిగారికి ఫోన్ చేసి, ఫొటోలు తీసుకోవచ్చా అని అడిగితే, "ఆయ్, తప్పకుండా రండి. ఆదివారానికి అంతా సిద్ధం చేసి ఉంచుతామండి" అన్నారు. ఏం సిద్ధం చేస్తారో అడగాలని నాకు తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే రాజమండ్రిలో అమలాపురం బస్సు ఎక్కితే గంటన్నరలో కొత్తపేట. అక్కడ పెసరట్టు తిని, రానూపోనూ నాలుగు వందలకి ఆటో మాట్లాడుకున్నాను. కొబ్బరితోటల మధ్య కాలవగట్టు మీద దారి.

"పాత మకాం ఫొటో ఏం చేసుకుంటారండీ?" అని అడిగాడు డ్రైవరు.

"ఊరికే, చూసుకుంటాను."

"పోన్లెండి, ఎవరి సరదా వాళ్ళది" అని నవ్వాడు.

మలుపు తిరిగాం. మకాం తెల్లగా మెరిసిపోతోంది! కొత్త సున్నం, గుమ్మానికి మామిడాకులు, ముందు ముగ్గు. పట్టుచీరలో సత్యవతిగారు ఎదురొచ్చారు.

"ఎలా ఉందండీ? మీరు ఫొటోకి వస్తుంటే ఆ మాసిన మొహంతో ఎలా నిలబెడతామండీ! మా ఆయనా నేనూ కలిసి వేసేమండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "చాలా బావుందండీ" అని, దంపతులిద్దరినీ గుమ్మంలో నిలబెట్టి ఫొటోలు తీశాను. తీస్తుంటే నాకూ హుషారు వచ్చింది. తర్వాత మకాం వెనకవైపుకి నడవబోతే ఆవిడ కంగారుపడ్డారు.

"అటెళ్ళకండి బాబూ! అటేపుకి సున్నం చాల్లేదండి."

అప్పటికే చూసేశాను. నాచు, వానచారలు, చేతి గుర్తులతో పిడకల వరసలు. నేను వెతుక్కుంటూ వచ్చిన గోడ! ఆనందం పట్టలేక వంగి, కూర్చుని, బురదలో పడుకుని మరీ తీశాను. తల ఎత్తేసరికి ఆవిడ మొహం చిన్నబోయి ఉంది.

"ఈ గోడ ఎవరికీ చూపించకండి. శుభ్రం తెలియని మనుషులనుకుంటారండి."

"అమ్మా, అసలు అందం ఇదేనండీ."

"అందం మీకండి. పరువు మాదండి."

మాట ఇచ్చేశాను. ఆవిడ మొహం విప్పారింది. పనసపొట్టు కూరతో నాకూ డ్రైవరుకీ భోజనం పెట్టి, కొబ్బరిబొండాలు ఆటోలో వేయించి గానీ కదలనివ్వలేదు.

బస్సులో వస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. నాకు నచ్చిన పాతదనం వాళ్ళకి చేయకుండా మిగిలిపోయిన పని. పరాయివాడి కోసం ఆ పనంతా నెత్తిన వేసుకున్నారంటే ఎంత ప్రేమ! మీరూ వెళ్తే ముందు ఫోన్ చేసి అనుమతి అడగండి. సున్నం వేయొద్దని అప్పుడే చెప్పండి. ఈ వ్యాసానికి పైన పెట్టింది ముందువైపు ఫొటో. వెనక గోడ నేను ఇన్నేళ్ళలో తీసిన వాటన్నిటిలోకీ గొప్ప ఫొటో. అది మీకు చూపించను.