తేమ గది ఖాళీ

మా పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మందుల పొడి డ్రమ్ములు ఎక్కించినంత మాత్రాన లారీ కదలదు. ముందు నా కంప్యూటర్ నుంచి కొనేవాళ్ల కంప్యూటర్‌కు ఒక ఎక్స్ఎంఎల్ పత్రం వెళ్లాలి. అది మా పక్కనున్న ఇస్నాపూర్‌లో కిరాయి గదుల వరుస లాంటిది. ఒక్కో గది తలుపు మీద ఒక్కో పేరు: బ్యాచ్, బరువు, తేమ. నేను రాసిన కమాండ్లు ఒక్కో విభాగం రికార్డులోకి వెళ్లి, ఏ గది అంకెను ఆ గదిలో, కిరాయి మనిషిని దింపినట్టు, దింపి వస్తాయి. మా ఇంట్లో మాత్రం దీన్ని 'కంప్యూటర్ల ఏదో కొడ్తడు' అంటారు.

ఆ రోజు తేమ గది ఖాళీగా ఉంది. పొడిలో తేమ ఎంతుందో ల్యాబ్‌లో పరీక్ష ఇంకా నడుస్తోంది. మా డిస్పాచ్ మేనేజర్ మాత్రం మంచి గడియ దాటిపోతుందని లారీకి కొబ్బరికాయ కొట్టేశాడు, టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టించాడు. కాయ కొట్టిన బండి ఆగితే అరిష్టమట. నా దగ్గరికి పరుగున వచ్చాడు.

"తేమ కాడ కమాండ్ తీసెయ్. నిన్నటి అంకె కొట్టు. జల్దీ!"

"నిన్నటి అంకె నిన్నటి డ్రమ్ములది సార్."

"అదే పొడి కదరా! నీదేం పోతది?"

"నాదేం పోదు సార్. మింగేటోనిది పోతది."

"నువ్వింక కాంట్రాక్టు మీదనే ఉన్నవ్, యాదున్నదా? రేపు గేటు కాడ నీ కార్డు పనిచెయ్యదు."

యాదుంది. కీబోర్డు ఆయన వైపు జరిపాను.

"మీ లాగిన్‌తోని మీరే కొట్టుండ్రి సార్."

ఉన్నట్టుండి ఆయనకు చేతులకు కొబ్బరినీళ్లు అంటిన సంగతి గుర్తొచ్చింది. రుమాలుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇంతలో ల్యాబ్ అక్క ఫోన్ చేసింది. "అంకె ఎక్కించిన, సూడు తమ్మీ. తేమ మస్తున్నది. డ్రమ్ములు దించుమను, మళ్ల ఆరబెట్టాలె."

కమాండ్ నడిపాను. గది నిండింది, లారీ వెనక్కి పోయింది. నిమ్మకాయలు నలగకుండా మిగిలాయి. పప్పులో పిండుకుందామన్నాను; ఎవరూ నవ్వలేదు.

మర్నాడు గేటు దగ్గర భయంగానే కార్డు పెట్టాను. పచ్చ లైటు వెలిగింది. లోపల మేనేజర్ లారీ పక్కన కొబ్బరికాయతో నిలబడి ఉన్నాడు.

"తేమ అంకె వచ్చిందారా?"

"ఇంక రాలే సార్. కాయ పట్టుకొని జెర నిలబడుండ్రి."