బొనర్ల ఇంటి తెల్లగోడ

ఏటా మే నెల రాగానే డెలియా బకెట్లో సున్నం కలుపుతుంది. పంతొమ్మిదో ఏట మొదలెట్టింది, ఇప్పుడు డెబ్బై ఒకటి. ఆ ఇల్లు ఆమెది కాదు. ముత్తాతల కాలంలో బంగాళాదుంపలు కుళ్లిన కరువులో బొనర్ల కుటుంబం ఓడెక్కి దేశం వదిలిపోతే వాళ్ల కొండవాలు ఇల్లు పాడుబడింది. సముద్రం వైపు గోడను మాత్రం ఊరు వదల్లేదు. తిరిగొచ్చే పడవకి ఆ తెల్లగోడ సరిగ్గా రేవు చివరి స్తంభం వెనక కనపడాలి. కనపడితే దారి. కాస్త పక్కకి జరిగితే నీటికింద బండలు. ముందు డెలియా తండ్రి సున్నం వేసేవాడు. ఆయన మోకాళ్లు పట్టేశాక నిచ్చెన ఈమెకొచ్చింది.

ఈసారి వెళ్లేసరికి గోడ బూడిద రంగులో ఉంది. శీతాకాలంలో ఇల్లు కొన్న డబ్లిన్ కుర్రాడు రొనాన్, నూట డెబ్బై ఏళ్ల సున్నాన్ని గీకి పారేశాడు.

"రాయి ఎంత బాగుందో చూశారా అమ్మా," అన్నాడు సంబరంగా.

"చూశాను. సముద్రంలోంచి చూస్తే అదీ కొండే."

"పడవలన్నిటికీ జీపీఎస్ ఉంది కదా."

"మా తమ్ముడి దానికీ ఉంది. ఉప్పునీళ్లు తగిలితే చచ్చి ఊరుకుంటుంది."

తిట్టాలనుకుంది. తిడితే గోడ తెల్లబడదు. "రేపు పొద్దున ఖాళీయేనా?" అంది.

మర్నాడు ఆమె తమ్ముడు డొనాల్ పడవలో ముగ్గురూ చేపలకి వెళ్లారు. రొనాన్ రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. "పట్నం టిఫిను. చేపలు మళ్లీ మళ్లీ అడుగుతాయి," అన్నాడు డొనాల్. తిరిగొస్తుంటే డెలియా చుక్కాని కుర్రాడి చేతికిచ్చింది.

"నీ ఇంటి గోడని స్తంభం వెనకే ఉంచుకుంటూ పోనివ్వు. అంతే."

రొనాన్ కళ్లు చికిలించాడు. కొండ, రాళ్లు, గొర్రెలు. తన ఇల్లు తనకే దొరకలేదు.

"అదేనా?"

"అది గొర్రెల దొడ్డి. దాన్ని నమ్మితే చర్చిలో ముగ్గురికీ ఒకే ప్రార్థన సరిపోతుంది," అని డొనాల్ చుక్కాని లాక్కున్నాడు. పక్కనే నీళ్లు బండల మీద నురగ కక్కాయి.

రేవు మెట్లెక్కుతూ రొనాన్ కొండ వైపు తిరిగి చూశాడు. "ఎన్ని పూతలు?" అన్నాడు.

"మూడు. చేతులకి నూనె రాసుకో, సున్నం చర్మం తింటుంది."

యాభై రెండేళ్లలో మొదటిసారి డెలియా నిచ్చెనెక్కలేదు. కింద నిలబడి వంకలు పెట్టింది. శనివారం మూడో పూత పడింది.

"ఇంకా బూడిదగానే ఉందేంటమ్మా?" రొనాన్ ముఖం మాడిపోయింది.

"ఆరనీ. ఈలోగా పడవెక్కు."

మధ్యాహ్నం తిరిగొస్తుంటే కొండ మీద గోడ దూరం నుంచే తెల్లగా కనపడింది. ఎవరూ అడక్కుండానే రొనాన్ చుక్కాని పట్టుకున్నాడు. డొనాల్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఎడమ పై మూల వదిలేశావు," అంది డెలియా.

"రేపు వేస్తానమ్మా," అన్నాడు రొనాన్, గోడ మీంచి చూపు తిప్పకుండా.