వీధిపోటు ఇల్లు

ఆత్మారాంకు వచ్చిన దారినే వెనక్కి మళ్లడమంటే ఒళ్లు మంట. ఈ గుణంతో నిజామాబాద్‌లో బతకడం కష్టం. బోధన్ రోడ్డు వెంట పసుపు చేలన్నీ ప్లాట్లయ్యాయి. ఒక్కో వెంచర్‌కు ఏనుగు పట్టే ఆర్చి, దాని వెనుక ఆటో పట్టని రోడ్డు, చివర గోడ. పక్క కాలనీలోకి దారి వదలాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

గోడ ఎదురైతే లోకం బండి తిప్పుకుంటుంది. ఆత్మారాం స్కూటర్‌తో సహా చివరి ఇంట్లో దూరేవాడు.

“తినుండ్రి అన్నా, లేవకుండ్రి. పెరటి తలుపు తీస్తే మేం అవుతల పడ్తం.”

వెనకాల భార్య సుమన, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని. ఒకసారైతే పెళ్లిచూపుల మధ్యలోంచి పోయారు. “పిల్లగాడు మంచిగున్నడు, ఇచ్చెయ్యిండ్రి” అని సలహా కూడా పారేశాడు.

అలాంటివాడు సొంతిల్లు కడతానని రెండు కాలనీల మధ్య మిగిలిన ముక్క కొన్నాడు. రెండు రోడ్లూ చెరోవైపు నుంచి వచ్చి దానికే తగులుతాయి.

“రెండు దిక్కుల వీధిపోటు! నట్టింట్ల పొడుస్తదయ్యా!” అని సుమన నెత్తి కొట్టుకుంది.

“పొడవనీ. ఇటు పొడిచి అటు పోతది.”

అన్నట్టే ఇంటి నడుమ పొడుగు నడవ, రెండు కొసలా తలుపులు. పొద్దున లేస్తే అందులోంచే పాలాయన, బడిపిల్లలు. వినాయకుడైతే బ్యాండుతో సహా వచ్చి, ప్రసాదం పుచ్చుకుని అవతలికి వెళ్లాడు. మర్నాడు ఆత్మారాం మార్కెట్ యార్డుకు పనికి పోగానే సుమన రెండు తలుపులకూ తాళం పెట్టింది.

కాసేపటికి పక్క వీధి హన్మవ్వ తలుపు కొట్టింది.

“తాళమేసినవా బిడ్డా? మా బిడ్డ సుకన్య డ్యూటీకి పోవాలె. దాని పిల్లను నేనే పట్టుకోవాలె. వాళ్ల ఇల్లు అవుతలనేనాయె, సుట్టు తిరిగిపోతే ఎప్పుడు చేరుత?”

“మా ఇల్లు లేనప్పుడెట్ల పోతుంటివి అవ్వా?”

“యాడికి పోతుంటి? ఈడున్న గోడ మీదికెల్లి సుకన్య పిల్లను ఎత్తి చూపెడితే చూసుకుంట ఏడుస్తుంటి. నీ పెనిమిటి ఒకనాడు గది చూసిండు. మల్ల వారంల గీ జాగ కొన్నడు. నీకు చెప్పలేదా?”

సుమన తాళంచెవులు తెచ్చింది. రెండు తాళాలూ తీసింది. అవతల సుకన్య చెయ్యి విడిపించుకుని పిల్ల తప్పటడుగులతో వచ్చి, గడప తట్టుకుని, హన్మవ్వ ఒళ్లో పడింది.

సాయంత్రం ఆత్మారాం రాగానే సుమన నిలదీసింది.

“ముసలామె సంగతి నాకెందుకు చెప్పలే?”

“ఏ సంగతి? నాకు వెనక్కి మళ్లుడంటే చిరాకు, గంతే” అని ఆత్మారాం చూపు తప్పించాడు.

శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాయనిదే మంచినీళ్లయినా తాగని సుమన, కాసేపు ఆ గడపనే చూస్తూ నిలబడింది.

“రేపు మేస్త్రిని పిలువు. గీ రెండు గడపలు తీసేపియ్యి. పిల్ల పడుతున్నది.”