రెండోవైపు గారి ఏడాది

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, మధ్యవర్తుల సంఘం ప్రాంతీయ శాఖలో ఎవరికీ దాంతో పనిపడలేదు. ఎదురుగా అందరూ ‘మేడం’ అంటారు. వెనకాల ‘రెండోవైపు గారు’ అంటారు. ఎవరైనా వచ్చి ఏదైనా మొర పెట్టుకుంటే చివరిదాకా ఓపిగ్గా వింటుంది, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంటుంది, “సరే, రెండోవైపు కూడా విందాం” అంటుంది. కాంట్రాక్టరుకీ బిల్డింగు యజమానికీ తగువొచ్చినా అదే మాట. సంఘం గదిలో ఫ్యాను ఎంత వేగంగా తిరగాలని ఇద్దరు పెద్దమనుషులు పేచీ పెట్టుకున్నా అదే మాట. ఆవిడ భర్త పళ్ళ డాక్టరు. కూర మాడితే మా ఆవిడ పొయ్యి చెప్పేది కూడా వింటుందండీ అని పేషెంట్లకు చెప్పుకుని మురిసిపోతుంటాడు. నోరు తెరిచి కుర్చీలో పడుకున్న పేషెంట్లు పాపం నవ్వనూ లేరు, కాదననూ లేరు.

మధ్యవర్తి పని తేలికని అనుకునేవాళ్ళు ఉన్నారు. కోర్టుకెక్కడం ఇష్టంలేని ఇద్దరు, మీరేం చెబితే దానికి కట్టుబడతాం అని ఒక మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుంటారు. ఆ మనిషి ఎవరి వైపూ మొగ్గకూడదు. మొగ్గినట్టు కనిపించనూ కూడదు. ఒకరికి ఒక ముక్క రాస్తే దాని నకలు రెండోవారికీ వెళ్ళాలి. ఒకరు లేనప్పుడు రెండోవారితో కేసు సంగతి మాట్లాడకూడదు. ఈ నియమాలు అందరూ పాటించేవే, కానీ ఈవిడ పట్టింపు మరీ ఎక్కువ. విచారణ రోజున వాది తరఫువాళ్ళు లిఫ్టులో ఉన్నారంటే, మోకాళ్ళు కలుక్కుమంటున్నా సరే మెట్లెక్కి వస్తుంది తప్ప వాళ్ళతో కలిసి రెండంతస్తులు ఎక్కదు. నాకైతే ఇది చాదస్తమే అనిపిస్తుంది. కానీ ఆవిడ ఇచ్చిన తీర్పు విని ఓడినవాడు కూడా దణ్ణం పెట్టి వెళ్ళేవాడంటే, అందులో ఆ మెట్ల పాలు కూడా కొంత ఉండే ఉంటుంది.

అలాంటి మనిషిని ఆ ఏడాది శాఖకు అధ్యక్షురాలిని చేశారు. కళ్ళజోళ్ళ షాపు పైన ఉంటుంది సంఘం గది. కోడిగుడ్డు ఆకారంలో పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఒకదానితో ఒకటి పోలికలేని కుర్చీలు, మూత పోయిన నీళ్ళ కూజా. అధ్యక్షులుగా ఉన్నవాళ్ళు నెలకో ఉపన్యాసం పెట్టించాలి, సభ్యుల్ని తగువులో పడ్డ ఏదైనా కట్టడం చూపించడానికి తీసుకెళ్ళాలి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తరగతులు నడపాలి. అన్నిటికీ మించి, ఏడాది చివర ఉత్తుత్తి విచారణ జరిపించాలి. కేసు కల్పితం, కాగితాలు కల్పితం, సాక్షి కూడా కల్పితం. నేర్చుకునేవాళ్ళు ఆ సాక్షిని ప్రశ్నలడిగి, తీర్పు రాయాలి.

ఆ సాక్షి ప్రతి ఏడూ ఈవిడ చెల్లెలే. చెల్లెలు ఒక స్కూల్లో పిల్లలకు నాటకాలు నేర్పిస్తుంది. ఒకసారి కోల్డ్ స్టోరేజీ యజమానురాలిగా కూర్చుని, పాడైపోయిన సరుకు గురించి చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే, కాగితాలన్నీ ఆమెకు వ్యతిరేకంగా ఉన్నా సగం మంది ఆమెనే గెలిపించేశారు. బల్ల చివర కూర్చున్న అక్క పైకి గంభీరంగా ఉంది గానీ లోపల పొంగిపోయింది. ఇంటికొచ్చాక భర్తకి ఆ ఘట్టమంతా తను నటించి చూపించబోయి, నవ్వాపుకోలేక మధ్యలో వదిలేసింది. ఈ ప్రపంచంలో ఆవిడ ఎవరి వైపైనా మొగ్గిందీ అంటే అది చెల్లెలి వైపే. ఆ సంగతి చెల్లెలికి తెలుసుననే అనుకుంది.

అధ్యక్షురాలైన కొత్తల్లో ఒక సాయంత్రం, డైనింగ్ టేబులు మీద ఉపన్యాసాల ఆహ్వానాలు పరుచుకుని కూర్చుని ఉంటే, చెల్లెలు చేతిసంచీతో వచ్చింది. చెప్పులు విడవకుండానే కుర్చీలో కూలబడి, కాసేపు ఆ ఆహ్వానాల్ని దొంతిగా సర్దింది. తర్వాత చెప్పింది.

“ఆయన కొట్టలేదక్కా, తిట్టలేదు. నేను మాట మొదలుపెడితే ఆయన పూర్తి చేస్తాడు. పదిమందిలో నేనేదైనా అంటే, దీని మాటలకేం లెండి అని నవ్వుతాడు. వాళ్ళూ నవ్వుతారు. ఇంట్లో నోరు విప్పడం ఎప్పుడో మానేశాను. మొన్న క్లాసులో పిల్లలకి డైలాగు చెప్పి చూపించబోతే గొంతు రాలేదు. ఇక ఆ ఇంట్లో ఉండలేను.”

అక్క చివరిదాకా వింది. ఆ భర్తగారు బీమా ఆఫీసులో ఉద్యోగి, నలుగురిలో కలుపుగోలు మనిషి, తనను వదినగారూ వదినగారూ అని నోరారా పిలిచేవాడు. తనకేమీ తెలియలేదే అనుకుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత చెయ్యి దానంతట అదే పైకి లేచి కళ్ళజోడు తీసింది.

“సరే చిన్నీ. మరిదిగారు చెప్పేది కూడా విందాం. ఆదివారం ఇద్దరూ రండి.”

చెల్లెలు తలెత్తి అక్క మొహంలోకి చూసింది. ఏడవలేదు, గొడవపడలేదు. చేతిసంచీ భుజాన వేసుకుని, సర్దిన దొంతిని జాగ్రత్తగా టేబులు మధ్యకి జరిపి, వస్తాను అని కూడా అనకుండా వెళ్ళిపోయింది. స్కూలు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుందని తర్వాత ఎవరి ద్వారానో తెలిసింది. ఫోను చేస్తే ఎత్తేది కాదు.

ఏడాది మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా. ఉపన్యాసాలు జరిగాయి. ఒక వక్త మైకు పట్టుకుంటే వదల్లేదు, ఇంకో వక్త రానేలేదు. ఎండలు ముదిరాక సభ్యులందరినీ వ్యానెక్కించి, సగంలో ఆగిపోయిన వంతెన చూపించడానికి తీసుకెళ్ళింది. నదికి అటునుంచి కొంత, ఇటునుంచి కొంత కట్టి మధ్యలో వదిలేశారు. సభ్యులు టోపీలు పెట్టుకుని, ఇది డిజైను తప్పా, కట్టినవాడి తప్పా అని హుషారుగా వాదించుకుంటుంటే, ఆవిడ మాత్రం ఆ మధ్యలో ఉన్న ఖాళీ వైపే చూస్తూ నిలబడింది. పక్కన చెల్లెలుంటే ఏదో ఒక జోకు వేసి ఉండేది. ప్రతి ఏడూ ఈ ప్రయాణానికి సభ్యురాలు కాకపోయినా వ్యానెక్కేసేది, వ్యానులో పాటలు పాడించేది. ఈసారి వ్యానులో అందరూ నిద్రపోయారు.

మొదట్లో ఆవిడకు తను తప్పు చేశానని తోచలేదు. ఒక వైపే విని ఒక నిర్ణయానికి రావడం అన్యాయం కాదూ అని భర్తతో వాదించింది. ఆయన ఆ ఒక్క విషయంలో పరాచికాలాడకుండా ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే ఆవిడను నెమ్మది నెమ్మదిగా తొలిచేసింది. వంతెన చూసొచ్చిన మర్నాడు, సంఘం గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఏదో కేసు తాలూకు ఉత్తరాలు పంపుతూ పంపుతూ, అవన్నీ ఆపేసి చెల్లెలికి మెయిలు రాసింది. నువ్వు గొంతు పోయి నా దగ్గరికొస్తే నేను నీకు వాయిదా ఇచ్చాను, నాదే తప్పు, నన్ను క్షమించు, నువ్వు లేకపోతే నాకు ఏమీ తోచడం లేదు అని రాసింది. రాసేటప్పుడు కళ్ళు మసకబారాయి. పంపేసింది.

జవాబు వచ్చింది గానీ చెల్లెలి నుంచి కాదు, మరిదిగారి నుంచి. వదినగారూ, మీ నిష్పక్షపాతానికి కృతజ్ఞతలు, నా వైపు సంగతులు కూడా త్వరలో రాసి పంపుతాను అని ఉంది. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళుగా ఒకరికి రాసిన ప్రతి ముక్కా రెండోవారికి నకలు పంపిన చెయ్యి, అక్క చెల్లెలికి రాసుకున్న క్షమాపణను కూడా అలవాటు ప్రకారం రెండోవైపుకి పంపేసింది. ఈ లోకంలో ఇలాంటి ఘనకార్యం మధ్యవర్తులు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. ఆ తర్వాత చెల్లెలి నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది. ‘అక్కా, నాకు రాసింది ఆయనకెందుకు పంపావు?’

పళ్ళ డాక్టరు విని ముందు ఫక్కున నవ్వాడు. భార్య మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు. నీ చెయ్యిని కొన్నాళ్ళు సెలవు మీద పంపించు అని, ఆ చెయ్యే తీసుకుని తన చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

వానలతో పాటు తరగతులూ మొదలయ్యాయి. గొడుగుల నీళ్ళతో సంఘం గదంతా చిత్తడి. ఒకరోజు పాఠం, మధ్యవర్తి కేసు తీసుకునే ముందు ఇచ్చుకోవలసిన మాట గురించి. ఇరువైపులవాళ్ళలో ఎవరితోనూ నాకు చుట్టరికం లేదు, దగ్గరి స్నేహం లేదు అని చెప్పాలి. ఉంటే తప్పుకోవాలి. ఈ పాఠం ఆవిడకు కంఠతా వచ్చు. అంతవరకూ చెప్పాక బల్ల చివర నుంచి ఒక బొద్దు మీసాల ఇంజినీరు చెయ్యెత్తాడు.

“మా తమ్ముళ్ళిద్దరూ పోట్లాడుకుని నా దగ్గరికే వస్తారు మేడం. నేనేం చెయ్యాలి?”

తప్పుకోవాలి అంది ఆవిడ తడుముకోకుండా.

“తప్పుకుని ఇంట్లోంచి ఎక్కడికి పోను మేడం?”

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. “ఎక్కడికీ పోనక్కర్లేదు. తప్పుకుంటే మీరు మధ్యవర్తి కారు, అంతే. అప్పుడిక మీరు అన్నయ్యే” అంది.

అనేసి, అక్కడే ఆగిపోయింది. ఇంకా టైము కాకపోయినా టీకి వెళ్ళి రండని అందర్నీ పంపించేసి, కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. ఎన్ని బ్యాచులకి చెప్పిందో ఈ పాఠం. చెల్లెలు సంచీతో వచ్చిన సాయంత్రం మాత్రం, తప్పుకోవలసిన కుర్చీలో తనే వెళ్ళి కూర్చుంది. ఎవరూ కూర్చోమనకుండా కూర్చుంది. వాళ్ళు తిరిగి రాగానే మిగతా సగం పాఠం వాళ్ళనే చదువుకోమని, గొడుగు కూడా మర్చిపోయి మెట్లు దిగింది.

చెల్లెలు ఉండే బిల్డింగుకి లిఫ్టు ఉంది. అలవాటు చొప్పున మెట్లే ఎక్కి, రొప్పుతూ తలుపు కొట్టింది. తలుపు తీసిన చెల్లెలు తడిసిన జుట్టు చూసి, పలకరించకుండానే తువ్వాలు తెచ్చి ఇచ్చింది. చిన్న గది. మంచం మీద పిల్లల నాటకానికి అట్టతో చేసిన కిరీటాలు, బంగారు రంగు ఆరుతూ ఉన్నాయి. మడత టేబులు, దానికి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. ఇద్దరూ కూర్చున్నారు.

“సాక్షి కావాలని వచ్చావా?” అంది చెల్లెలు టేబులు వైపు చూస్తూ. “ఈ ఏడు నేను రాలేను.”

“సాక్షిగా మీ బావని పెట్టాం. రిహార్సల్లో ప్రతి ప్రశ్నకీ నోరు బాగా తెరవమంటున్నారు.”

చెల్లెలికి నవ్వు రాబోయింది గానీ రానివ్వలేదు. “మరెందుకొచ్చావు?”

“ఈ కేసు నుంచి తప్పుకుంటున్నానని చెప్పడానికొచ్చాను. నాకు ఇందులో దగ్గరి చుట్టరికం ఉంది. మొదటి రోజే చెప్పాల్సింది.” ఆవిడ లేచి, తన కుర్చీని టేబులు చుట్టూ తిప్పి తెచ్చి, చెల్లెలి కుర్చీకి ఆనించి వేసుకుని కూర్చుంది. “ఇప్పుడు చెప్పు. మొదటినుంచి చెప్పు.”

చెల్లెలు మంచం వైపు వంగింది. ఒక కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు గోటితో గీరుతూ మెల్లగా మొదలుపెట్టింది. మాట మధ్యలో తడబడి ఆగినప్పుడల్లా, ఎవరో వచ్చి తన మాట పూర్తి చేస్తారేమో అన్నట్టు ఎదురుచూసేది. అక్క పూర్తి చెయ్యలేదు. ఆగినంతసేపూ ఆగింది. మాట మళ్ళీ పుంజుకునేది. పోనుపోను ఆ గొంతులోకి పాత బలం వస్తుంటే, అక్క చెయ్యి పైకి లేచి కళ్ళజోడు తీసింది.

చెల్లెలు ఠక్కున ఆగిపోయింది. “రెండోవైపు కూడా వినాలి, అంతేనా?”

“కాదే పిచ్చిదానా” అంది అక్క, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. “ఏడుపొస్తోంది, అందుకని తీశాను. నువ్వు చెప్పు.”